ఊదినవాడి బిందె

“…అట్టయితే పోయిన వారం ఇచ్చిన టిఫిన్ క్యారియర్ కూడా వెనక్కి తీసుకోండి మేడమ్. దగ్గుమందుకీ బ్రాందీకీ తేడా తెలియని మిషన్లో నేనెందుకు ఊదాల?”

“దగ్గుమందు సీసా చూపించన్నా, చూస్తాను.”

“అయిపోయిన సీసా ఎవరన్నా దాచుకుంటారా?”

బడి వంటకు తీసుకుపోతున్న తోటకూర కట్టలు చంకన పెట్టుకుని, పంచాయతీ ఆఫీసు కిటికీ అవతల నిలబడిపోయింది కామాక్షి. లోపల గొంతు పెంచినవాడు ఆమె భర్త గిరిబాబు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి షారన్. తాగుడు మాన్పించే ట్రస్టు తరఫున సూళ్లూరుపేట నుంచి స్కూటీ మీద వారానికి రెండుసార్లు ఈ ఊరికి వస్తుంది.

షారన్ గొంతు పెంచలేదు. మిషన్ మీది అంకెను అతనివైపు తిప్పి చూపించింది. ఇవాళ కుండలోంచి బహుమతి చీటీ తీయడానికి లేదనీ, వచ్చేసారి శుభ్రంగా ఊదినా మళ్ళీ ఒక్క చీటీతోనే మొదలనీ చెప్పింది. గిరిబాబు నోట్లోని ప్లాస్టిక్ గొట్టాన్ని పీకి, ఎంగిలి తీగలా సాగుతుండగానే బల్ల మీద పడేశాడు. ఆ పిల్ల దాన్ని కాగితంతో పట్టుకుని డబ్బాలో వేసి, బల్ల తుడుచుకుని, తరువాతివాణ్ణి పిలిచింది.

గిరిబాబు రాత్రి విప్పి పడేసిన చొక్కాను పొద్దున్నే నానబెట్టింది కామాక్షి. దగ్గుమందు వాసన ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అయితే ఆమెను కిటికీ దగ్గర నిలబెట్టింది అతని అబద్ధం కాదు. ఆ గొంతు. గూడూరు ఆసుపత్రిలో డాక్టరు కాలేయం చెడిపోతోందని చెప్పినప్పుడు గిరిబాబు మొహం మీద ఈగ వాలినంత కదలిక కూడా లేదు. కూతురు స్వర్ణ ఇక సెలవులకు ఇంటికి రాననీ, హాస్టల్లోనే ఉంటాననీ ఫోన్ చేసినప్పుడు సరేనని ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడు, కుండలో చెయ్యి పెట్టనివ్వలేదని, ఆ గొంతులో ఏడుపు తన్నుకొస్తోంది.

కామాక్షికి నోట్లో నీళ్ళూరాయి. వాంతి వచ్చే ముందు ఊరే నీళ్ళు. పక్కకు తిరిగి ఉమ్మేసి, బడివైపు నడిచింది.

ట్రస్టు వాళ్ళ పద్ధతి ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. తాగేవాళ్ళు తమంతట తాము వచ్చి పేరు చెప్పాలి. షారన్ వచ్చిన రోజు మిషన్లో ఊదాలి. మందు లేదని తేలితే మట్టికుండలో చెయ్యి పెట్టి చీటీ తీసుకోవచ్చు. వరసగా శుభ్రంగా ఊదినకొద్దీ తీసే చీటీలు పెరుగుతాయి. ఒకసారి తప్పితే మళ్ళీ మొదటికి. కొన్ని చీటీల మీద ‘శభాష్’ అని మాత్రమే ఉంటుంది. చాలావాటి మీద స్టీలు గ్లాసో గరిటో పళ్ళెమో ఉంటుంది. కుక్కరు, క్యారియర్ లాంటివి తక్కువ. కుండ మొత్తానికి పెద్ద చీటీ ఒక్కటే. దాని మీద ఇత్తడి బిందె బొమ్మ.

మొదట్లో గిన్నెలను ఉత్తవిగానే ఇచ్చారు. వారం తిరగకముందే వాటిలో కొన్ని బెల్టు షాపులో కనపడ్డాయి. ఊరి చివర రేకుల పంచలో దొంగచాటుగా మందు అమ్మే ఆ కొట్టువాడు, ఆ గిన్నెల్లోనే ఉడకబెట్టిన శనగలు పోసి తాగేవాళ్ళ ముందు పెడుతున్నాడు. చిన్నపోలయ్య తాను గెలిచిన గిన్నెలోనే తన శనగలు తిన్నాడని ఊరంతా నవ్వుకుంది. షారన్‌కు సంగతి తెలిసి, అప్పటినుంచి బహుమతి మీద గెలిచినవాడి పేరు కొట్టించి ఇవ్వడం మొదలుపెట్టింది. పేరున్న గిన్నెను అమ్ముకోవడానికి సిగ్గుపడతారని ఆమె ఆలోచన.

ఆ ఆలోచన పనిచేసింది గానీ, ఆమె అనుకున్న దారిలో కాదు. ఈ వైపు ఇళ్ళలో గిన్నెల మీద పేర్లు కొత్త కాదు. పెళ్ళికూతురి పేరు, పెట్టినవాళ్ళ పేరు, తేదీ. విందులప్పుడు ఇరుగుపొరుగు గిన్నెలు కలిసిపోతే ఎవరివి వాళ్ళు ఏరుకోవడానికి అంచు మీద సన్నగా కొట్టించుకుంటారు. అవన్నీ ఆడవాళ్ళ పేర్లే, లేదా చచ్చిపోయిన పెద్దవాళ్ళవి. బతికున్న మగవాడి పేరు, అదీ తాగనందుకు, గిన్నెకెక్కడం ఎవరూ ఎరగరు. మగవాళ్ళకు అది నచ్చింది. గిరిబాబుకు మరీ నచ్చింది. సూళ్లూరుపేటలో పేర్లు కొట్టే సైదావలికి తానే ఫోన్ చేసి, అంచు మీద చిన్నగా వద్దు, నడిమధ్య పెద్దగా కొట్టమన్నాడు. దాంతో వాళ్ళింట్లో ఎవరు అన్నానికి కూర్చున్నా, పప్పుచారు అయిపోయేకొద్దీ పళ్ళెం అడుగునుంచి ‘గిరిబాబు’ అన్న అక్షరాలు పైకి తేలేవి. కామాక్షి చివరి ముద్దను ఆ అక్షరాల మీదుగా కూడదీసుకుని తినాల్సి వచ్చేది.

కామాక్షిది మనుబోలు. పెళ్ళయి దొరవారిసత్రం దగ్గరి ఈ ఊరికి వచ్చేసరికి గిరిబాబు తాగుబోతు కాదు. సొంత మడి కొంచెం ఉంది, ట్రాక్టరు నడిపేవాడు. దమ్ము చేసే రోజుల్లో పొద్దువాలాక చేను ఆసామి డ్రైవరు చేతిలో కూలితో పాటు ఒక క్వార్టర్ సీసా పెట్టడం ఇక్కడి మర్యాద. పెట్టకపోతే మరునాడు ట్రాక్టరు ఇంకొకరి చేలో ఉంటుంది. మొదట ఆ సీసా పనికిచ్చిన మెచ్చుకోలు. తరువాత పని సీసా కోసం చేసేది. ఆ తరువాత పని లేని రోజున కూడా సీసా. ఇందులో కామాక్షికి వింతగా తోచింది ఏమీ లేదు. ఊళ్ళో సగం ఇళ్ళ కథ అదే.

ఆమె తెచ్చుకున్న సామాను ఒక్కొక్కటే పోయింది. పంచె కింద గిన్నె, తువ్వాలులో చుట్టిన చెంబు. చివరికి మిగిలింది తల్లి పెట్టిన ఇత్తడి బిందె. మెడ చుట్టూ ‘కామాక్షి’ అని లోతుగా కొట్టించి పంపింది తల్లి. కాపురానికి వచ్చిన ఏడాది బోరింగు దగ్గర చెయ్యి జారి రాతి మీద పడి, మెడ కింద బొటనవేలు పట్టేంత సొట్ట పడింది. నీళ్ళు మోసేటప్పుడు ఆమె వేలు ఆ సొట్టలోకే వెళ్ళి కూర్చునేది. ఒకరోజు బిందె కనపడలేదు. దొంగలు పడ్డారని అత్త ఆదిశేషమ్మ వీధిలో నిలబడి, ఎత్తుకుపోయినవాడి చేతులు పడిపోవాలని శాపనార్థాలు పెట్టింది. గిరిబాబు అరుగు మీద కూర్చుని, పడిపోవాల్సిందేనంటూ తలూపాడు. కామాక్షి అతని చేతులవైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరువాత వాంతి చేసుకున్న పక్కబట్టలు ఎన్నిసార్లు ఉతికినా, ఆ తలూపడం గుర్తొచ్చినంత రోత ఆమెకు కలగలేదు.

ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండేది. తడ దగ్గర పెద్ద కంపెనీ ఒకదానిలో క్యాంటీన్ చూసుకునే పిన్ని కూతురు వాణి, సంక్రాంతికి ముందే ఫోన్ చేసింది. క్యాంటీన్లో వంటకు మనిషి కావాలి, ఉండడానికి ఆడవాళ్ళ గది ఇస్తారు, వేసవిలో బడి మూసేదాకా ఆగుతాను, ఆ తరువాత ఇంకొకరిని పెట్టుకుంటాను అంది. కామాక్షి వస్తానని అనలేదు, రానని అనలేదు. ఈ మాట ఇంట్లో చెప్పిన మరునాడే గిరిబాబు పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి షారన్ దగ్గర పేరు ఇచ్చాడు. ఈ రెంటికీ సంబంధం ఉందని ఆమెకు అప్పట్లో తోచలేదు.

దగ్గుమందు గొడవ తరువాత గిరిబాబు మళ్ళీ తప్పలేదు. ఇది ఒప్పుకోవాలి. చిన్నపోలయ్యలాంటివాళ్ళు ఊదిన రోజు సాయంత్రమే తాగి, షారన్ మళ్ళీ వచ్చేలోగా ఒళ్ళు శుభ్రం చేసుకునే లెక్కలు నేర్చుకున్నారు. షారన్ చెప్పకుండా రోజులు మార్చి రావడం మొదలుపెట్టాక వాళ్ళ గిన్నెలు ఆగిపోయాయి. గిరిబాబు మాత్రం నిజంగానే మానేశాడు. కోతల కాలంలో కూడా ఆసాములు ఇవ్వబోయిన సీసా వద్దన్నాడు. చేతుల వణుకు తగ్గింది. కళ్ళ కింద ఉబ్బు పోయింది. పక్కలో వాసన లేకుండా పడుకున్న మొదటి వారం కామాక్షికి ఒళ్ళెరగని నిద్ర పట్టింది. లేచాక, ఇంత సుఖం ఒక స్టీలు కుక్కరు చలవ అని తలచుకుంటే ఆ నిద్ర మీదే రోత పుట్టింది.

ఎందుకంటే, ఆమె కాళ్ళు పట్టుకుని అడిగింది. పస్తుండి అడిగింది. పురుగుమందు డబ్బా చేతబట్టుకుని అడిగింది. మనుబోలు నుంచి అన్నను పిలిపించి అడిగించింది. వీటిలో దేనికీ కదలనివాడు గరిటెకు కదిలాడు.

అతను ఊది వచ్చిన రోజున ఆదిశేషమ్మ కోడిగుడ్డు అట్టు పోసేది. “ఊది వచ్చినాడు బిడ్డ” అని పక్కింటివాళ్ళకు వినపడేలా చెప్పేది. గెలిచిన గిన్నెలన్నిటినీ పేరు బయటికి కనపడేలా గూట్లో పేర్చి, వచ్చినవాళ్ళకు దించి చూపించేది. వాటిని వంటకు వాడనిచ్చేది కాదు. పళ్ళెం, గ్లాసు మాత్రం వాడాలి, ఎందుకంటే కొడుకు పేరు చూసుకుంటూ తినాలి. తోమేది కామాక్షి. బూడిద గట్టిగా రుద్దితే అక్షరాలు అరిగిపోతాయని అత్త వెనక నిలబడి చెప్పేది.

గిరిబాబు ఇంకో అలవాటు చేసుకున్నాడు. సాయంత్రం ట్రాక్టరు దిగి ఇంటికి రాగానే కామాక్షి ఎక్కడుంటే అక్కడికి వచ్చి, ఆమె మొహం మీదికి వంగి నోరు తెరిచేవాడు. వాసన చూడమనేవాడు. ఆమె వెనక్కి జరిగితే గడ్డం పట్టుకుని తిప్పేవాడు. ఆ నోట్లో మందు వాసన ఉండేది కాదు. లవంగం, కోడిగుడ్డు, తోమని పళ్ళ పాచి, వీటన్నిటి కింద, ఎన్నో ఏళ్ళుగా పులిసిన ఏదో అడుగువాసన. ఏమీ లేదని ఆమె అన్నదాకా ఆ నోరు మూసుకునేది కాదు. అన్నాక, మరి నాకేంది, అని అడిగేవాడు. చేపల పులుసు కావాలి. కాళ్ళు పట్టాలి. ఎదురు మాట్లాడకూడదు. అతను అడిగిన దేన్నయినా కాదంటే, అయితే తాగమంటావా, అనేవాడు, నవ్వుతూ. ఆ మాట వినపడగానే ఆదిశేషమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, వాడు అడిగిందేదో చెయ్యమని కోడలి మీద కసిరేది.

తాగి కొట్టిన రోజుల్లో కామాక్షి తిట్టేది, ఎదురు తిరిగేది, ఒకసారి చీపురు తిరగేసింది కూడా. ఇప్పుడు తిట్టడానికి లేకుండా పోయింది. మంచివాడయ్యాడు.

వేసవి దగ్గర పడేసరికి ట్రస్టు వాళ్ళ క్యాంపు చివరికొచ్చింది. ఒక పొద్దున కుండలో చెయ్యి పెట్టి గిరిబాబు పెద్ద చీటీ తీశాడు. బిందె బొమ్మ చూసి కుర్చీ మీదికెక్కి అందరికీ చూపించాడట. ఆ సాయంత్రం షారన్ బడి వంటగదికి వచ్చింది. కామాక్షి డేగిశా అడుగున పట్టిన మాడును గీకుతోంది.

షారన్ మంచి పిల్ల. ఎండలో తిరిగి మొహం నల్లబడింది, అయినా ఎవరిమీదా విసుక్కోదు. ముగింపు సభకు ట్రస్టు పెద్దలు వస్తున్నారనీ, పక్క ఊళ్ళలో కూడా ఈ పని మొదలుపెట్టాలా వద్దా అన్నది అక్కడే తేలుతుందనీ చెప్పింది. బిందె గెలిచినవాడి భార్యగా కామాక్షి వేదిక మీద నాలుగు మాటలు మాట్లాడాలని అడిగింది. ఈలోగా తడ మాట ఇంట్లో ఎత్తవద్దని కూడా అంది. గిరిబాబన్న ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాడు, కదిలిస్తే పడిపోతాడు.

గిన్నెలిచ్చి మాన్పించడం ఏంది షారనమ్మా అని అడిగింది కామాక్షి, గీకడం ఆపకుండా. షారన్ కోపం తెచ్చుకోలేదు. తాగితే సుఖం ఆ క్షణమే దొరుకుతుంది, మానితే దొరికే మంచి ఎప్పుడో ఏళ్ళకు గానీ కనపడదు, అందుకే మానిన రోజునే చేతిలో ఏదో ఒకటి పెడితే మనసు ఆ దారికి అలవాటు పడుతుందని నెమ్మదిగా వివరించింది. ఆ మాటలో తప్పు కామాక్షికి కనపడలేదు. కళ్ళెదుట జరుగుతున్నది కూడా అదే.

“ఆ మిషన్ ఇట్టా తే” అంది.

షారన్ నవ్వి, సంచీలోంచి కొత్త గొట్టం తీసి తగిలించి ఇచ్చింది. కామాక్షి చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుని, గొట్టాన్ని పెదాల మధ్య పెట్టుకుని ఊదింది. మిషన్ కూత పెట్టి సున్నా చూపించింది.

“శభాష్ అక్కా” అంది షారన్, అలవాటు కొద్దీ.

షారన్ గొట్టాన్ని ఊడదీసి కాగితంలో చుట్టింది. కామాక్షి మళ్ళీ గరిటె అందుకుని మాడు గీకసాగింది.

బడి మూసే ముందు వంటగది సామానుకు మాట్లు వేయించడం కామాక్షి పనే. కారుతున్న డేగిశాను ఆటోలో వేసుకుని సూళ్లూరుపేట వెళ్ళింది. మాట్లు వేసే కొట్టు పక్కదే సైదావలి కొట్టు. పాతసామాను తీసుకుని కొత్తది ఇవ్వడం, పాతదానికి మెరుగు పెట్టి మళ్ళీ అమ్మడం, పేర్లు కొట్టడం అన్నీ అక్కడే. సైదావలి గోనెపట్టా మీద కూర్చుని, ఒక ఇత్తడి బిందెను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఉలి మీద చిన్న సుత్తితో టకటక కొడుతున్నాడు. ‘గిరి’ అయిపోయింది. ‘బా’ సగంలో ఉంది.

“రామ్మా. మీ ఇంటి బిందే” అన్నాడు తల ఎత్తి. “మీ ఇంటాయన పొద్దున్నే ఫోన్ చేసినాడు. మెడ చుట్టూ తిరిగేంత పెద్దగా కొట్టమన్నాడు.”

బిందె తళతళలాడుతోంది. కామాక్షి వంగి చూసింది. మెడ కింద సొట్ట ఉంది. ఆమె చెయ్యి చాపింది. బొటనవేలు వెతుక్కోకుండా వెళ్ళి అందులో కూర్చుంది.

పాతదా అని అడిగింది. పాతదేనన్నాడు సైదావలి దాపరికం లేకుండా. ఎప్పుడో ఎవరో వేసిపోయారు, ఇప్పుడు ఇంత మందం ఇత్తడి ఎవరు పోస్తున్నారు, ట్రస్టు వాళ్ళు అడిగిన ధరకు కొత్తది రాదు, అందుకే అటక మీదిది దించి మెరుగు పెట్టి ఇస్తున్నానన్నాడు. సొట్ట తీద్దామనుకున్నాడట గానీ మెడ దగ్గర కావడంతో పగులుతుందని వదిలేశాడట. మనిషి మాట్లాడుతూనే ఉలిని జరిపి ‘బా’ పూర్తి చేశాడు.

“ముందు ఏదో పేరుండె. పాలిష్ పట్టినా పూర్తిగా పోలా. లోతుగా కొట్టినాడు ఆ కొట్టినవాడు ఎవడో” అన్నాడు. “వెలుతురుకు పెట్టి చూస్తే తప్ప కనపడదులే.”

బిందెను ఎత్తి వాకిలి వెలుతురులోకి తిప్పింది కామాక్షి. గిరిబాబు పేరు పక్కన, ఇంకా కొట్టని నున్నటి చోట, నీటి అడుగున ఉన్నట్టు ‘క్షి’ వంపు కనపడింది. మిగిలినదాని మీద కొత్త అక్షరాలు కూర్చున్నాయి.

బిందెను తిరిగి అతని మోకాళ్ళ మధ్య పెట్టింది. ఆపమంటుందేమోనని అతను ఒక్క క్షణం సుత్తి ఎత్తి పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఆమె కానివ్వమంది. చివరి అక్షరం పడేదాకా అక్కడే నిలబడింది.

ఆ సాయంత్రం గిరిబాబు ఎప్పటిలాగే వచ్చి నోరు తెరిచాడు. కామాక్షి ఈసారి వెనక్కి జరగలేదు. ఆ తెరిచిన నోట్లోకి చూస్తూ అడిగింది.

“మా అమ్మ పెట్టిన బిందె సాయబు కొట్లో వేసింది నువ్వే గదా.”

ఆ నోరు మూతపడింది. గిరిబాబు మొహంలో భయం కనపడుతుందనుకుంది. కనపడలేదు. ఒక క్షణం తికమక పడి, ఆ తరువాత విషయం అర్థమైనట్టు మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వులో నిజమైన సంతోషం ఉంది.

“అదేనా అది? ఆ బిందేనా?” అన్నాడు. “చూసినావా మరి. పోయింది మళ్ళీ ఇంటికి తెచ్చినానా లేదా. తాగకుండా ఉండి తెచ్చినా. ఇంగ ఏడవాల్సింది ఏముంది?”

ఆదిశేషమ్మ వసారాలోంచి వచ్చి సంగతి విని, అమ్మవారే ఇప్పించిందని చేతులు జోడించింది. ఎత్తుకుపోయినవాడి చేతుల మాట ఆమెకు గుర్తు రాలేదో, గుర్తొచ్చే మింగిందో.

గిరిబాబు కామాక్షి పక్కన పీట మీద చతికిలబడ్డాడు. మనసు తేలికపడ్డవాడిలా చెప్పుకుపోయాడు. షారన్ మేడమ్ మొదటి రోజే అడిగిందట, నీకు ఏం పోతుందని భయం అని. పెండ్లాం తడకు పోతుందని చెప్పాడట.

“అప్పుడు మేడమ్ ఏమనిందో తెలుసా? అసలు బహుమతి కుండలో లేదన్నా, నీ ఇంట్లో ఉంది, కడదాకా శుభ్రంగా ఊదితే అది నీకే అనింది. ఆ మాట పట్టుకునే ఊదినా. ఇంగ నువ్వు పోయేదేంది? గెలుచుకున్నా గదా.”

గెలుచుకున్నా అన్నప్పుడు ఆమె తొడ మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టాడు. ట్రాక్టరు ఇంజను మూత మీద తట్టినట్టు. కామాక్షి లేచి దొడ్లోకి వెళ్ళి, నీళ్ళ గాబు దగ్గర వంగి, మధ్యాహ్నం తిన్నదంతా కక్కుకుంది. నీళ్ళు పుక్కిలించడానికి గ్లాసు అందుకుంటే, దాని మీదా పేరుంది. దోసిలితో పుక్కిలించింది.

సభ రోజున బడి ముందు షామియానా వేశారు. కామాక్షి కాస్త ముందుగా వెళ్ళి, కుర్చీలు సర్దుతున్న షారన్‌ను పక్కకు పిలిచింది.

“నన్ను కూడా కుండలో వేసినావా షారనమ్మా?”

షారన్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. అది తాము అందరికీ చెప్పే మాటేననీ, ఇంటివాళ్ళను తలచుకుంటే మనసు గట్టిపడుతుందనీ, పోగొట్టుకోకూడనిది ఒకటి కళ్ళముందు ఉండాలనీ అంది.

“నన్నడిగినావా?” అంది కామాక్షి.

షారన్ చేతిలోని కుర్చీని కింద పెట్టి, మళ్ళీ ఎత్తుకుంది. మైకువాడు పిలిస్తే వెళ్ళిపోయింది.

పెద్దలు కారులో వచ్చారు. బిస్కెట్లు, టీ అయ్యాయి. పెద్దాయన ఒకరు, తాగడం మానడమంటే యుద్ధం గెలవడమేనని చెప్పి చప్పట్లు కొట్టించారు. గెలిచినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి శాలువా కప్పారు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. వాళ్ళలో పన్ను ఊడినామె ఉంది, చెవి తెగినామె ఉంది. వాళ్ళకు ఎండ తగులుతుంటే షామియానా అంచును ఎవరూ దించలేదు. చిన్నపోలయ్య వెనక కుర్చీలో కూర్చుని ఎర్రటి కళ్ళతో గట్టిగా ఈల వేశాడు.

గిరిబాబును పిలిచారు. తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన తల. బిందెను రెండు చేతులా ఎత్తి పేరున్న వైపు జనానికి చూపించాడు. ఎండకు అది కళ్ళు జిగేల్మనిపించింది. ఆదిశేషమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. బిందెను ఇంటి ఇల్లాలి చేతికి అందిస్తే బాగుంటుందని పెద్దాయన అన్నారు. ఫోటో తీసేవాడు ముందుకొచ్చాడు. కామాక్షి వేదికెక్కి బిందె అందుకుంది. నడుము మీద పెట్టుకుంది. వేలు సొట్టలోకి వెళ్ళింది. గిరిబాబు వంగి, ఫోటో కోసం, ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. లవంగం వాసన కొట్టింది.

నాలుగు మాటలు మాట్లాడమ్మా అని షారన్ మైకు అందించింది. కామాక్షి, భర్త చెయ్యి కిందినుంచి పక్కకు జరిగి, మైకు పట్టుకుంది.

“మా ఇంటాయన తాగుడు మానినాడు. అది నిజం. ఈ పిల్ల కష్టపడింది, అదీ నిజం. ఈ బిందె మా అమ్మ నాకు పెట్టింది. దీన్ని తీసుకోని సోమవారం తడకు పోతా ఉండా, క్యాంటీన్లో వంటకు. ఇంగ అక్కడే ఉంటా.”